ఫర్నేస్ గోడ పాతిక కిలోలే

ఫర్నేస్‌లకు లోపలి లైనింగ్ వేయడం నా వృత్తి. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఉండే హీట్ ట్రీట్‌మెంట్ షాపులు, ఫోర్జింగ్ యూనిట్లు, చిన్నాచితకా ఫౌండ్రీలు మా కస్టమర్లు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో లైనింగ్ అంటే ఫైర్‌బ్రిక్కే, వేడిని తట్టుకునే ఇటుక. తాపీ, మట్టం పట్టుకుని వరసలు పేర్చేవాళ్ళం. ఇప్పుడు వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం సిరామిక్ ఫైబర్‌వే. తెల్లగా, మెత్తగా, చుట్టలు చుట్టి అట్టపెట్టెల్లో వస్తుంది. దాన్ని బ్లాంకెట్ అంటారు. మా కుర్రాళ్ళయితే దూది అనే అంటారు.

ఫర్నేస్ కొనే యజమానులు, మా ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: “ఎంత తేలికైతే అంత మంచిదే కదా సార్?” కొంతవరకు నిజం, ఒక వేడి దాటాక అబద్ధం. ఆ గీత ఎక్కడుందో తెలియక డబ్బు పోగొట్టుకున్న వాళ్ళను చూశాను. ఫోన్లో చెబితే తెమిలే విషయం కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 230 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫైర్‌బ్రిక్ గోడ, ఒక చదరపు మీటరు బరువు సుమారు 460 కిలోలు. ఘనపు మీటరుకు 128 కిలోల సాంద్రత ఉన్న ఫైబర్‌తో 200 మిల్లీమీటర్ల లైనింగ్ వేస్తే అదే చదరపు మీటరు పాతిక కిలోలు తూగుతుంది. పైగా ఇటుక కంటే చాలా బాగా వేడిని ఆపుతుంది. ఫర్నేస్ 900 డిగ్రీలకు చేరాలంటే లోపల పెట్టిన జాబ్ (వేడి చేయాల్సిన వస్తువు) ఒక్కటే కాదు, గోడ కూడా వేడెక్కాలి. ఆ ఇటుక గోడ చదరపు మీటరుకు తాగే వేడి 60 యూనిట్ల కరెంటు పైమాటే. ఫైబర్ గోడకు మూడు నాలుగు యూనిట్లు సరిపోతాయి. లోపలి వైశాల్యం 10 చదరపు మీటర్లున్న చిన్న ఫర్నేస్‌నే తీసుకోండి. పొద్దున ఆన్ చేసి సాయంత్రం ఆపేసే షాపులో గోడ తాగిన 600 యూనిట్లలో చాలా భాగం రాత్రంతా షెడ్డులోకి పోతూ ఉంటుంది. మర్నాడు మళ్ళీ మొదలు. జాబ్‌కు పెట్టే కరెంటు కంటే గోడకు పెట్టే కరెంటే ఎక్కువైన ఫర్నేస్‌లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి.

ఆపకుండా నడిచే కంటిన్యుయస్ ఫర్నేస్ సంగతి వేరు. గోడ ఒకసారి వేడెక్కిందంటే నెలల తరబడి అలాగే ఉంటుంది కాబట్టి అది దాచుకునే వేడి పెద్ద లెక్కలోకి రాదు. గోడలోంచి బయటికి పోయేది ఎంతో చూసుకోవాలంతే. రోజూ ఆపి మళ్ళీ వేడెక్కించే బ్యాచ్ ఫర్నేస్ లెక్క పట్టుకుని కంటిన్యుయస్ ఫర్నేస్‌లో అంత ఆదా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంత తేలికైన వస్తువు అంత వేడిని ఎలా ఆపుతుందన్నది తర్వాతి ప్రశ్న. నివురుగప్పిన నిప్పు అంటాం కదా. మా నాయనమ్మ రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పేది, తెల్లారి కదిపితే ఎర్రగా ఉండేవి. బూడిద గట్టి పదార్థమేమీ కాదు. సన్నటి రేణువులు, మధ్యలో బోలెడంత గాలి. మా బ్లాంకెట్‌లో ఉన్నదీ అదే. ఘనపు మీటరులో 128 కిలోల ఫైబర్ ఉందంటే, ఆ మొత్తంలో ఫైబర్ ఆక్రమించిన చోటు 5 శాతం మాత్రమే. మిగిలిన 95 శాతం గాలి. కదలని గాలిలోంచి వేడి చాలా నెమ్మదిగా పోతుంది. ఒక్కో పోగు మందం రెండు నుంచి నాలుగు మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుకలో ఇరవయ్యో వంతు. ఆ పోగులు గాలిని చిన్నచిన్న అరల్లో బంధించి తిరగనివ్వవు. పోగు నుంచి పోగుకు వేడి పాకుదామన్నా, అవి ఒకదాన్నొకటి తాకే చోటు సూదిమొనంత కూడా ఉండదు.

ఈ ఫైబర్ పుట్టింది అమెరికాలో, 1940ల తొలినాళ్ళలో, బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీలో. కయోలిన్ అనే తెల్ల బంకమట్టిని కరిగించి, ఆ ధార మీదికి గాలి వేగంగా కొట్టి పోగులు తీశారు. కవోవూల్ అనే పేరు ఆ కయోలిన్ నుంచే వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా శుద్ధమైన అల్యూమినా, సిలికా కలిపి ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో 2000 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. ఆ ధారను గిర్రున తిరిగే చక్రాల మీద పోస్తే పోగులుగా విడిపోతుంది. పోగు కాకుండా మిగిలిపోయే గుళికలు కొన్ని ఉంటాయి, వాటిని షాట్ అంటారు. బ్లాంకెట్‌ను దులిపితే ఇసుకలా కింద రాలేవి అవే. షాట్ వల్ల బరువు వస్తుంది కానీ వేడి ఆగదు. తూకం సరిగానే ఉన్నా షాట్ ఎక్కువుంటే ఆ సరుకు నాసిరకమే. రెండు వేళ్ళ మధ్య బ్లాంకెట్‌ను నలిపితే గరగరలాడుతుంది, అలవాటున్న చేతికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బ్లాంకెట్ 64, 96, 128, 160 సాంద్రతల్లో దొరుకుతుంది. 64 చవక. కొటేషన్ పట్టుకొచ్చి “అదే 25 మిల్లీమీటర్ల మందం, అదే గ్రేడు, సగం ధర కదండీ, గాలే వేడి ఆపుతుందని మీరే చెప్పారు, గాలి ఎక్కువున్నది మంచిదే కదా” అని వాదించిన మేనేజర్ గారు ఒకరున్నారు. ఆయన తర్కం 300 డిగ్రీల దాకా బానే నిలబడుతుంది. ఆ పైన నిలబడదు.

ఎందుకంటే వేడి పదార్థంలోంచి, గాలిలోంచి పోవడమే కాదు, వెలుతురులాగే కిరణాలుగా కూడా పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఈ మూడో దారి లెక్కలోకి రాదు. వేడి పెరిగేకొద్దీ అది మిగతా రెండింటినీ మింగేస్తుంది. 600 డిగ్రీల దగ్గర ఒక ఉపరితలం చిమ్మే వేడితో పోలిస్తే 1200 డిగ్రీల దగ్గర అదే ఉపరితలం దాదాపు 8 రెట్లు చిమ్ముతుంది. పరమ ఉష్ణోగ్రత (మైనస్ 273 డిగ్రీల నుంచి లెక్కపెట్టేది) నాలుగో ఘాతం లెక్క అది. గాలి ఆ కిరణాలను ఆపలేదు. ఆపాల్సింది పోగులే. 64 సాంద్రతలో పోగులు దూరదూరంగా ఉంటాయి కాబట్టి కిరణాలు సందుల్లోంచి దూసుకుపోతాయి. 128లో అడ్డుపడే పోగులు రెట్టింపు. అందుకే 1000 డిగ్రీల హాట్ ఫేస్‌లో (మంట వైపు) 64 బ్లాంకెట్ వేస్తే, తేలికదనం వల్ల కలిసివస్తుందనుకున్నది బయటి షెల్ (ఫర్నేస్ ఉక్కు తొడుగు) మీద పెయింటు మాడిపోయి కనిపిస్తుంది.

అలాగని సాంద్రత పెంచుకుంటూ పోతే కూడా ఉపయోగం లేదు. ఒక హద్దు దాటాక పోగులు ఒకదానికొకటి ఒత్తుకుని, వాటి గుండానే వేడి పాకడం మొదలవుతుంది. ప్రతి ఉష్ణోగ్రతకూ సరిపోయే సాంద్రత ఒకటుంటుంది, వేడి పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. అందుకే మంచి లైనింగ్‌లో మంట వైపు 128 లేదా 160, దాని వెనక 96, అన్నిటికంటే వెనక, షెల్‌ను ఆనుకుని, 64 వేస్తే సరిపోతుంది. వెనక వేడి తక్కువ కాబట్టి అక్కడ తేలికపాటిది హాయిగా పనిచేస్తుంది. చోటు బాగా తక్కువుంటే వెనక మైక్రోపోరస్ బోర్డు వేస్తాం. అతి సన్నటి సిలికా పొడిని నొక్కి చేసే బోర్డు అది. లోపలి రంధ్రాలు ఎంత చిన్నవంటే గాలి అణువులు ఒకదాన్నొకటి ఢీకొని వేడి అందించుకునేంత చోటు కూడా ఉండదు. కిరణాలను అడ్డుకోవడానికి సిలికాన్ కార్బైడ్‌లాంటి పొడి కూడా కలుపుతారు. నిలకడగా ఉన్న గాలి కంటే బాగా వేడిని ఆపుతుంది. కాకపోతే 1000 డిగ్రీలే దాని హద్దు, కాబట్టి మంట ముందు నిలబెట్టకూడదు.

సరుకు వచ్చిన రోజే తూకం వేయండి. మార్కెట్‌లో మామూలుగా దొరికే రోల్ 7320 మిల్లీమీటర్ల పొడవు, 610 వెడల్పు, 25 మందం. 128 సాంద్రతది అయితే 14 కిలోల పైచిలుకు ఉండాలి. 96ది పదకొండుకు కాస్త తక్కువ, 64ది 7 కిలోలు. పెట్టె మీద 128 అని రాసి, కాటా మీద పదకొండు కూడా తూగని రోల్స్ మా గోడౌన్‌కు వచ్చాయి, నేను వెనక్కి పంపాను. తూకం వేయడానికి రోల్‌కు ఒక నిమిషం పట్టదు.

రెండో తికమక గ్రేడు అంకెతో వస్తుంది. పెట్టె మీద 1260 అని ఉంటుంది. అందరూ 1260 డిగ్రీల్లో వాడొచ్చనుకుంటారు. ఆ అంకె పెట్టేది ముడుచుకోవడాన్ని బట్టి. ఫలానా వేడిలో 24 గంటలు ఉంచినప్పుడు నిర్ణయించిన శాతం కంటే ఎక్కువ ముడుచుకోకపోతే ఆ గ్రేడు ఇస్తారు. రోజూ, ఏళ్ళ తరబడి వాడే వేడి దాని కంటే 100, 150 డిగ్రీలు తక్కువే ఉండాలి. 1100 దాటి నడిచే ఫర్నేస్ అయితే నేను 1260 గ్రేడు వేయను. జిర్కోనియా కలిసిన 1425 గ్రేడుకు వెళ్తాను. ఖర్చు ఎక్కువే, అయినా ఆ మాట కొటేషన్‌లోనే రాస్తాను.

ముడుచుకోవడం ఎందుకంటే, కొత్త ఫైబర్ నిజానికి గాజు. కరిగినదాన్ని హఠాత్తుగా చల్లారిస్తే వచ్చిన గాజు. 1000 డిగ్రీల చుట్టుపక్కల చాలాకాలం ఉంచితే అది మెల్లగా స్ఫటికాలుగా మారుతుంది. మొదట ముల్లైట్ ఏర్పడుతుంది, మిగిలిన సిలికా నుంచి క్రిస్టోబలైట్ వస్తుంది. ఆ మార్పులో పోగు బిరుసెక్కుతుంది, లైనింగ్ ముడుచుకుంటుంది. మీటరుకు 3 శాతం అంటే 30 మిల్లీమీటర్ల సందు. అంత సందులోంచి 1000 డిగ్రీల వేడి నేరుగా షెల్‌ను తాకితే వెనకున్న యాంకర్ (లైనింగ్‌ను షెల్‌కు పట్టి ఉంచే స్టీలు ముక్క) ఎర్రబడుతుంది, కొన్నాళ్ళకు తెగుతుంది, మాడ్యూల్, అంటే బ్లాంకెట్ దిమ్మ, కింద పడుతుంది.

అందుకే మాడ్యూల్ బిగించే పని దగ్గర నేను పక్కన లేకుండా ఉండను. బ్లాంకెట్‌ను మడతలు మడతలుగా పెట్టి, గట్టిగా నొక్కి, పట్టీలు వేసి కట్టిన దిమ్మను మాడ్యూల్ అంటారు. 300 మిల్లీమీటర్ల చదరం, 200 మందం అనుకోండి. ముందు షెల్ మీద కొలతలు గీసి స్టెయిన్‌లెస్ స్టీల్ స్టడ్‌లు వెల్డ్ చేస్తాం. ప్రతి స్టడ్‌నూ సుత్తితో ఒక దెబ్బ వేసి చూస్తాం. మంచి వెల్డ్ ఖంగుమంటుంది, సరిగా పడని వెల్డ్ చప్పగా మోగి వంగిపోతుంది. తర్వాత మాడ్యూల్‌ను స్టడ్‌కు గుచ్చి, మధ్యలోని గొట్టంలోంచి పొడుగు స్పానర్ పెట్టి నట్టు బిగిస్తాం. పక్కపక్కన వచ్చే రెండు మాడ్యూల్స్‌ను భుజంతో ఒత్తి దగ్గరకు తెస్తేగానీ రెండోది పట్టదు. పట్టడానికి ఇబ్బంది పడ్డప్పుడే అది సరిగా ఉన్నట్టు. సులువుగా కూర్చుందంటే తీసేసి కొత్తది పెట్టమంటాను. అన్నీ అయ్యాక పట్టీలు కోసి లాగేస్తాం. నొక్కుడు వదిలిన మాడ్యూల్స్ ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. తర్వాత ముడుచుకోబోయే ఆ 3 శాతాన్ని ముందే అప్పిచ్చి పెట్టినట్టు. మడతలను ఏ దిక్కున నొక్కామో ఆ దిక్కులోనే ఉబ్బుతుంది కాబట్టి ఒక వరసలో అన్నీ ఒకే వైపు పెడితే, వరసకూ వరసకూ మధ్య విడిగా మడిచిన బ్లాంకెట్ పట్టీ ఇరికించాలి. ఆ పట్టీ మానేసిన ఫర్నేస్‌ను ఏడాది తర్వాత చీకట్లో చూస్తే వరసల వెంట ఎర్రటి గీతలు కనిపిస్తాయి.

మొదటిసారి వేడెక్కించేటప్పుడు కాస్త పొగ వస్తుంది, కంగారు పడొద్దు. తయారీలో వాడిన నూనె, పట్టీల ముక్కలు, అట్టలు కాలుతున్న పొగ అది. తలుపులు తెరిచి ఉంచితే చాలు. కాస్టబుల్ (నీళ్ళతో కలిపి కాంక్రీటులా పోసే లైనింగ్) పోసిన ఫర్నేస్‌కైతే నీరు మెల్లగా ఆవిరయ్యేలా రోజుల తరబడి సన్నటి వేడి పెట్టాలి, తొందరపడితే పెటపెటా పగులుతుంది. ఫైబర్‌కు ఆ బాధ లేదు. పొద్దున బిగించి సాయంత్రం 900కు తీసుకెళ్ళినా ఏమీ అనదు. ఎర్రగా ఉన్నప్పుడు తలుపు తెరిచి చల్లగాలి తగిలినా పగలదు.

అయినా ఇటుకను పూర్తిగా తీసేయమని నేను ఎవరికీ చెప్పను. జాబ్ పెట్టే నేల మీద ఇటుకే ఉండాలి, ఫైబర్ బరువు మోయదు. బర్నర్ నోటి దగ్గర మంట వేగంగా కొట్టే చోట ఫైబర్ రేగిపోతుంది. అక్కడ గట్టిపరిచే సిలికా ద్రవం చల్లినా కొంతకాలమే. కరిగిన లోహం తగిలే చోట అసలు పెట్టకూడదు. మురికి ఫర్నేస్ ఆయిల్‌తో నడిచే చోట ఆ పొగలోని వెనేడియం, సోడియం పోగులను తినేస్తాయి. ఇవన్నీ చూడకుండా ఫర్నేస్ మొత్తం ఫైబర్ చేసేస్తామని వచ్చేవాళ్ళకు అమ్మకం కావాలి, మీ ఫర్నేస్ ఎన్నాళ్ళుంటుందో పట్టదు.

ఇంకా పైకి వెళ్తే 1500, 1600 డిగ్రీలు. అంత వేడి రాకెట్లకే కావాలనుకుంటాం గానీ డెంటల్ ల్యాబ్‌లో కూడా ఉంది. పంటికి వేసే జిర్కోనియా క్యాప్‌ను 1500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ ఫర్నేస్ టేబుల్ మీద పట్టేంతే ఉంటుంది. బయట చెయ్యి పెట్టొచ్చు, అరచేయంత లోపలికి వెళ్తే 1500. మధ్యలో ఉండేది పాలీక్రిస్టలైన్ అల్యూమినా ఫైబర్ బోర్డు. ఇది కరిగించి తీసిన గాజు పోగు కాదు. అల్యూమినియం లవణాల ద్రావణం నుంచి పోగు తీసి, తర్వాత కాల్చి స్ఫటికంగా మారుస్తారు. ముందే స్ఫటికమైపోయింది కాబట్టి వేడిలో కొత్తగా మారేదీ, ముడుచుకునేదీ చాలా తక్కువ. ధర మాత్రం మామూలు బ్లాంకెట్ కంటే ఎన్నో రెట్లు.

తేలికదనం ప్రాణావసరమైన చోటు అంతరిక్షం. అమెరికా స్పేస్ షటిల్ పెంకుల గురించి చదివినప్పుడల్లా నాకు నా పనే ఇంకో స్థాయిలో కనిపిస్తుంది. షటిల్ ఒళ్ళు అల్యూమినియం. అది 177 డిగ్రీలు దాటకూడదు. తిరిగొచ్చేటప్పుడు పొట్ట కింద 1260 డిగ్రీల దాకా వస్తుంది. మధ్యలో ఉన్న పెంకు మందం ఒకటి నుంచి ఐదు అంగుళాలు. 99.8 శాతం శుద్ధమైన సిలికా పోగులతో లాక్‌హీడ్ కంపెనీ తయారుచేసిన ఎల్ఐ-900 పెంకు సాంద్రత ఘనపు మీటరుకు 144 కిలోలు. అంటే నా 128 బ్లాంకెట్‌కు దగ్గరిదే! తేడా ఏమిటంటే అది మెత్తగా ఉండదు. పోగులను నీళ్ళలో కలిపి అచ్చు పోసి, ఆరబెట్టి, పోగులు తాకే చోటల్లా అతుక్కునేలా కాలుస్తారు. ఆ దిమ్మను మెషీన్‌పై కోసి, ఒక్కో పెంకునూ షటిల్ మీద దాని స్థానానికి సరిపోయే వంపులో చెక్కుతారు. 24 వేలకు పైగా పెంకులు, దేనిది దానికే.

ఫర్నేస్‌లోంచి అప్పుడే తీసిన ఎర్రటి పెంకును ఒట్టి వేళ్ళతో మూలల దగ్గర పట్టుకుని చూపించేవాళ్ళు. చెయ్యి కాలదు. మూలల్లో ఉన్న వేడి ఎంత తక్కువంటే అది క్షణాల్లో పోతుంది, లోపలి వేడి వేళ్ళ దాకా రావడానికి దారి లేదు. పొట్ట కింద పెంకులకు నల్లటి గాజు పూత ఉంటుంది. వచ్చిన వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ నల్లటి పూతే కిరణాలుగా తిరిగి చిమ్మేస్తుంది. నా ఫర్నేస్‌లో శత్రువైన కిరణాలే అక్కడ కాపాడతాయి.

నాకు వాళ్ళ పనిలో అన్నిటికంటే నచ్చింది పెంకు కింద ఉన్న ఫెల్ట్, అంటే ఒత్తిన మెత్తటి నార గుడ్డ. సిలికా వేడికి దాదాపు సాగదు, అల్యూమినియం బాగా సాగుతుంది. నేరుగా అతికిస్తే పెంకు ముక్కలవుతుంది. అందుకని మధ్యలో నోమెక్స్ (వేడిని తట్టుకునే కృత్రిమ నార) ఫెల్ట్ ముక్క పెట్టి సిలికోన్ జిగురుతో అతికించారు. సాగడం, వంగడం అంతా ఫెల్ట్ భరిస్తుంది. అయితే ఆ ఫెల్ట్‌లోని కుట్టు పోగులు పెంకు అడుగున కొన్ని బిందువుల దగ్గరే లాగడంతో పెంకు బలం సగానికి పడిపోయింది. 1979 మార్చిలో కొలంబియాను విమానం మీద కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడాకు తీసుకెళ్ళేసరికి చాలా పెంకులు ఊడిపోయి ఉన్నాయి. చివరికి పెంకు అడుగుభాగంలో సిలికా ద్రవాన్ని ఇంకించి, ఆ కొద్ది మందం మాత్రం గట్టిపరిచారు. పైనంతా తేలిక, కింద పల్చటి పొర మాత్రం దట్టం. 1981 ఏప్రిల్ 12న కొలంబియా మొదటిసారి ఎగిరింది ఆ మార్పు తర్వాతే. ఎక్కడ బరువు అవసరమో అక్కడ మాత్రమే పెట్టిన పని అది.

కల్పనా చావ్లాతో సహా ఏడుగురు 2003 ఫిబ్రవరి 1న అదే కొలంబియాలో చనిపోయారు. పెంకులు ఊడిపోవడం వల్ల అని ఇప్పటికీ అనుకునేవాళ్ళున్నారు. దెబ్బ తిన్నది పెంకు కాదు. జనవరి 16న బయల్దేరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క ముందు అంచును కొట్టింది. అక్కడ ఉండేది కార్బన్-కార్బన్ అనే వేరే పదార్థం. 1650 డిగ్రీలను తట్టుకుంటుంది, అయితే వేడిని ఆపదు. తట్టుకోవడం వేరు, ఆపడం వేరు. అందుకే ఆ అంచుల వెనక, లోపలి నిర్మాణాన్ని కాపాడడానికి, అల్యూమినా-సిలికా జాతి సిరామిక్ ఫైబర్‌నే ఇంకోనెల్ (నికెల్ మిశ్రలోహం) రేకులో చుట్టి పెట్టారు. ముందు అంచుకు రంధ్రం పడ్డాక రెక్క లోపలికే జొరబడిన వేడిని అది ఆపలేకపోయింది.

మన దగ్గర 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ7 మీద వెళ్ళిన ఎస్ఆర్ఈ-1 అనే చిన్న క్యాప్సూల్ అదే నెల 22న బంగాళాఖాతంలో క్షేమంగా దిగింది. కక్ష్యలోంచి మనం వెనక్కి తెచ్చుకున్న మొదటి వస్తువు అది. దాని ఒంటి మీద మన దేశంలో చేసిన సిలికా పెంకులున్నాయి. 2016 మే 23న అదే శ్రీహరికోట నుంచి ఎగిరిన రెక్కల వాహనం ఆర్ఎల్‌వీ-టీడీ పొట్ట కింద కూడా అవే. ఆ వార్త చదివిన రోజు మా కుర్రాళ్ళందరికీ ఫోటో చూపించి, “మీరు కోస్తున్నది దీని చుట్టమేరా” అని చెప్పాను.

ఇక కోసేవాళ్ళ గురించి. ఈ పోస్టులో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. బ్లాంకెట్‌ను కత్తితో కోసినప్పుడు ఎండ పడుతున్న కిటికీ దగ్గర నిలబడి చూడండి. గాలిలో మెరుస్తూ తేలే పోగులు కనిపిస్తాయి. కనిపించనివి వాటికంటే చాలా ఎక్కువ, ఊపిరితిత్తుల లోతుకు వెళ్ళేవి అవే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ఫైబర్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బి జాబితాలో పెట్టింది. ఐరోపాలో 2010 నుంచి ఇది తీవ్రంగా ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. మన దగ్గర మాత్రం ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కోస్తున్నారు. తువ్వాలు ఆ పోగులను ఆపదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు తక్కువలో తక్కువ. నిండు చేతుల చొక్కా, కళ్ళద్దాలు, గ్లౌజులు ఉండాలి. పని బట్టలు ఇంటికి తీసుకెళ్ళి పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

కొత్త బ్లాంకెట్ బిగించడం కంటే పాతది పీకడం ఎక్కువ ప్రమాదం. ఇందాక చెప్పిన క్రిస్టోబలైట్ ఏర్పడేది మంట వైపు ఏళ్ళ తరబడి కాలిన పొరలోనే. స్ఫటిక సిలికా ధూళి మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని ఖాయంగా తేలిన జాబితాలో ఉంది, సిలికోసిస్ (ఆ ధూళి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) సంగతి సరే సరి. కాలిన ఫైబర్ బిరుసుగా ఉండి చెయ్యి తగిలితే పొడి అయిపోతుంది. ఒక ఫ్యాక్టరీలో పాత లైనింగ్‌ను కూలీలతో పారలతో గీకించి, చీపుళ్ళతో ఊడ్పించడం నా కళ్ళతో చూశాను. ఫర్నేస్ లోపల ఎదుటి మనిషి కనిపించనంత ధూళి. మాస్కుల గురించి అడిగితే “రెండు గంటల పనికి మాస్కులెందుకండీ” అన్నారు. ఆ రెండు గంటలు ఆ ఫ్యాక్టరీకి. కూలి ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట అదే పని చేస్తాడు.

తక్కువ వేడి ఫర్నేస్‌లకు ఇప్పుడు వేరే దారి కూడా ఉంది. కాల్షియం, మెగ్నీషియం కలిసిన సిలికేట్ ఫైబర్. శరీర ద్రవాల్లో ఇది త్వరగా కరుగుతుంది కాబట్టి ఊపిరితిత్తుల్లో ఎక్కువకాలం నిలవదు. టెంపరింగ్ ఫర్నేస్‌లు, ఓవెన్లు, డక్టులు వంటి వాటికి నేను దీన్నే ముందు కొటేషన్‌లో పెడతాను. 1100, 1200 డిగ్రీల పైన, రసాయనాల పొగ ఉన్న చోట ఇంకా పాత ఫైబరే వాడాల్సి వస్తోంది. ఈ కొత్త ఫైబర్‌కూ మాస్కు తప్పదు. తక్కువ ప్రమాదం అంటే ప్రమాదం లేదని కాదు.

పాత లైనింగ్ తీసేటప్పుడు ముందు రోజే ఫర్నేస్ పూర్తిగా చల్లారాలి. నీళ్ళు సన్నగా చిలకరించి తడిపి, పొరలు పొరలుగా తీసి, అక్కడికక్కడే మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి కట్టాలి. ఊడ్వకూడదు, కంప్రెసర్ గాలి అసలే కొట్టకూడదు. హెపా ఫిల్టర్ (అతి సన్నటి ధూళిని పట్టేది) ఉన్న వాక్యూమ్‌తో పీల్చాలి. పీకేవాళ్ళకు ఎన్95 కాదు, మార్చుకునే పీ3 (ధూళిని అన్నిటికంటే బాగా ఆపే రకం) ఫిల్టర్లున్న మాస్కు. మా కొటేషన్‌లో ఈ మాస్కులు, సంచులు, వాక్యూమ్ అద్దె అన్నీ విడిగా ఒక లైనులో కనిపిస్తాయి. మిగతా ఏ లైను మీద బేరమాడినా కూర్చుని మాట్లాడుకుందాం, ఆ లైను మీద మాత్రం అడగకండి.